పురుగుల గదిలో రష్యన్

1964 జనవరి 20, సోమవారం. దిబ్బూరహళ్ళి.

బెంగుళూరు నుంచి మధ్యమ తరగతి పాఠాల కట్ట వచ్చింది. పోస్టు గంగప్ప కవరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం రాతమ్మా, అద్దంలో సూసినట్ల ఉండాది," అన్నాడు.

"రష్యన్ అప్పా."

"నేర్చుకుంటే ఏమొస్తాది?"

"రష్యన్ వస్తాది."

ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఈ పోస్టు పాఠాల్లో మొదటి తరగతి నూటికి అరవై ఎనిమిది మార్కులతో పాసయ్యాను. ఈ సంగతి ఈ డైరీలో ఇదివరకే మూడుసార్లు రాశాను. రాస్తుంటే బాగుంటుంది. మధ్యమ తరగతి కూడా పాసయితే బెంగుళూరులో ఏడాది పాటు పూర్తి చదువు, ఆడపిల్లల హాస్టల్లో చోటు. రష్యన్ పాఠాలు పంపే మేడమ్ స్వయంగా రాశారు. ఆ ఉత్తరం నాయన రెండుసార్లు చదివించుకొని, "పాసయితే సూద్దాం," అన్నాడు. మా నాయన 'చూద్దాం' అంటే సగం సరే అన్నట్టు. మిగతా సగం అవ్వ చేతిలో ఉంటుంది.

ఇదంతా పురుగుల తట్టల్లో పరిచే కాగితం వల్ల వచ్చింది. రెండేళ్ళ కింద నాయన చింతామణి నుంచి పాత పత్రికల కట్ట తెచ్చాడు. అందులో ఒక రష్యన్ వాచకం. పట్టుపురుగులు దాని మీద పడుకునేలోగా లాక్కున్నాను. రెండు పేజీలు మాత్రం దక్కలేదు. అందుకే నాకు ఇప్పటికీ రష్యన్లో పళ్ళ పేర్లు రావు.

ఈ రోజే ఈ పంట పురుగులు గుడ్ల నుంచి బయటికి వచ్చాయి. చీమ తలకాయంత ఉన్నాయి. నా పాఠాలూ అవీ ఒకే రోజు మొదలు.

జనవరి 23

'ప్రతి వాక్యాన్నీ పదిసార్లు బిగ్గరగా చదవండి' అని పాఠం మొదట్లోనే ఉంది. బిగ్గరగా ఎక్కడ చదవను? నడిమింట్లో అవ్వ రాగులు చెరుగుతూ ఉంటుంది. పెరట్లో చదివితే గోడ మీద పక్కింటి కెంపమ్మత్త తల కనిపిస్తుంది. నిన్న చదివితే "పిల్లకు జలుబు చేసిందేమో, గొంతులో ఏందో అడ్డం పడ్నట్ల ఉండాది," అని అమ్మను పిలిచి చెప్పింది.

మిగిలింది పురుగుల గది. స్నానం చేయనివాళ్ళు లోపలికి రాకూడదు, చెప్పులతో రాకూడదు, బయటివాళ్ళు అసలే రాకూడదు. రష్యన్‌కి ఇంతకంటే మంచి చోటు మా తాలూకాలో లేదు.

జనవరి 28

పొద్దున పురుగుల గదిలో మల్బరీ ఆకు తరుగుతూ నాలుగో పాఠం చదువుతున్నాను. అది రైలు స్టేషను పాఠం. నీనా పెత్రోవ్నా అనే ఆమె ఒకాయనను అడుగుతుంది: "ప్రస్తీతె, ఎత మేస్త స్వబోద్న?" క్షమించండి, ఈ చోటు ఖాళీయేనా? ఆయన "పజాలుస్త" అంటాడు. తర్వాత ఇద్దరూ కూర్చొని, "పోయిజ్ద్ అపాజ్దివాయెత్, మీ పదజ్‌ద్యోమ్," అనుకుంటారు. రైలు ఆలస్యం, కాచుకుంటాం. ఇంతే పాఠం. రైలు వచ్చిందో లేదో చెప్పలేదు.

తలెత్తి చూస్తే గుమ్మంలో అవ్వ. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"ఏమే చౌడీ, యాడ నేర్చుకొంటివే ఈ మంత్రం?"

నేను 'పాఠం' అనబోయాను. కాని ఇంకా బుట్టెడు ఆకు సన్నగా తరగాలి. నా చేతిలో కత్తి ఉంది, వేళ్ళు పచ్చగా అయిపోయాయి.

"బెంగుళూరు నుంచి వచ్చిందవ్వా," అన్నాను. ఇది నిజం.

"పురుగులకు మంచిదా?"

"చెడ్డయితే లేదు." ఇదీ నిజం.

అవ్వ నా చేతిలో కత్తి తీసేసుకుంది. "మంత్రం చెప్పే మనిషి ఆకు కోస్తారా యాడన్నా? చిక్కమ్మా, నువ్వు రామ్మా ఇట్ల!"

చిక్కమ్మ మా అమ్మ పేరు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి కత్తి పట్టుకుంది. నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

నేను అబద్ధం చెప్పలేదు.

ఫిబ్రవరి 3

మూడో జ్వరం. పురుగులు మేత మాని తలలెత్తి కదలకుండా పడుకున్నాయి. రేపు పాత చర్మం విడిచి లేస్తాయి. మామూలు జ్వరానికి మాట పుస్తకంలో ఉంది, ఈ జ్వరానికి లేదు. నాకు ఏడో పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకూ ఏదో జ్వరమే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 8

ఇవాళ చాలా సంతోషంగా ఉంది, వివరంగా రాయాలి.

ఈ భాషలో ప్రతి పనికీ రెండు క్రియలు. ఒకటి చేస్తూ ఉండడానికి, ఇంకొకటి చేసి ముగించడానికి. చితాల అంటే చదువుతూ ఉన్నాను. ముగించానో లేదో అడగవద్దు. ప్రచితాల అంటే చదివేశాను. మూడు రోజులు తల పట్టుకున్నాను. ఈ మనుషులకు ఒక్క క్రియ ఎందుకు చాలలేదు అని కోపం కూడా వచ్చింది. ఇవాళ అవ్వ తట్టల మీదికి వంగి "తింటాండాయి, తింటాండాయి" అంది. కాసేపటికి మళ్ళీ వచ్చి "తినేసినాయి" అంది.

తింటున్నాయి. తినేశాయి. మనకూ ఉన్నాయి! పుట్టినప్పటి నుంచి మా అవ్వ నోట్లో ఉన్నవి నాకు నీనా పెత్రోవ్నా వచ్చి చూపించాల్సి వచ్చింది.

వాళ్ళు పేరు పక్కన తండ్రి పేరు కలిపి పిలుస్తారు. పెత్రోవ్నా అంటే పెత్రొ కూతురు. నోటుబుక్కు అట్ట మీద నా పేరు అలా రాసుకున్నాను: చౌడమ్మ వెంకటేశప్పోవ్నా. పలికి చూశాను. గొప్పగా ఉంది. నాయన విని, "ఎవరే ఆయమ్మ?" అన్నాడు.

ఫిబ్రవరి 21

గూళ్ళు విడిపించాం. పురుగులు గూడు కట్టే వెదురు చంద్రికల నిండా తెల్లగా, గట్టిగా, ఒకే సైజులో. నాయన ఒక గూడు చెవి దగ్గర పెట్టుకొని ఆడించి నవ్వాడు. పాపం, కెంపమ్మత్త ఇంట్లో మాత్రం పురుగులకు సున్నపు రోగం తగిలింది. చివరి వారంలో సుద్దముక్కల్లా బిగుసుకుపోయి రాలిపోయాయి. పక్క వీధిలో రెండిళ్ళలోనూ అంతే.

మాకు ఎందుకు తగల్లేదంటే, నాయన ఈసారి గదిలో సున్నం కొట్టించి, కిటికీలు తీసి ఉంచాడు, తడి ఆకు వేయనివ్వలేదు. ఇది నేను అందరి ముందూ చెప్పాను. ఎవరూ వినలేదు. అవ్వ వీధి అరుగు మీద కూర్చొని, "మా చౌడీ బెంగుళూరు మంత్రం ఏసింది," అని చెప్తోంది.

నేను అబద్ధం చెప్పలేదు. అవ్వ చెప్తుంటే ఊరుకున్నాను, అంతే.

ఫిబ్రవరి 24

కెంపమ్మత్త పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, టెంకాయ పెట్టుకొని వచ్చింది. గోడ మీద నుంచి కాదు, వాకిట్లో నుంచి.

"నీకు జలుబనుకొంటినమ్మా, మనసులో పెట్టుకోవాకు," అంది. "ఈ తూరి మా పురుగులకూ నాలుగు మాటలు సెప్పు తల్లీ."

మా అవ్వ నా బదులు జవాబిచ్చింది. "సెప్తాది. కానీ నియమాలు ఉండాయి. పాపకు కాపీ ఇయ్యాల. పాప కూసోవడానికి పీట ఎయ్యాల. లోపల ఎవురూ మాట్లాడకూడదు."

ఆ నియమాలు అవ్వ అప్పటికప్పుడు చేసింది. నిశ్శబ్దంగా ఉన్న గది, పీట, కాఫీ. మధ్యమ తరగతి విద్యార్థికి ఇంతకంటే ఏం కావాలి? కాదంటే మర్యాదగా ఉండదని ఒప్పుకున్నాను.

మార్చి 3

బాగేపల్లి దగ్గర మిట్టేమరి నుంచి బయ్యప్ప మామ వచ్చాడు. అమ్మకు పెదనాన్న కొడుకు. ఆయనకూ పురుగులున్నాయి, మంత్రం సంగతి బాగేపల్లి దాకా పోయిందట. నన్ను పది రోజులు పంపమన్నాడు.

అవ్వకు ఆయనంటే గిట్టదు. మా అమ్మ పెళ్ళిలో అన్నంలో ఉప్పు ఎక్కువైందని ఆయన అన్నాడట. "మంత్రం పట్టిన మనిషి, పురుగు గూడు కట్టిందాకా ఊరి పొలిమేర దాటకూడదప్పా," అంది.

"అదెప్పటి నుంచి?"

"మొదటి నుంచీ ఉండాది."

నాకు ఈ నియమం బాగా నచ్చింది. బాగేపల్లి బస్సులో నాకు వాంతులవుతాయి.

బయ్యప్ప మామ వదల్లేదు. "అట్లయితే కాయితం మింద రాసియ్యమ్మా, నేనే సదువుకుంటా," అన్నాడు. ఏం రాయాలో తోచక రైలు పాఠమే తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. కాగితాన్ని కళ్ళకద్దుకొని మడిచి పైజేబులో పెట్టుకున్నాడు.

అడిగితే అర్థం చెప్పేదాన్ని. ఆయన అడగలేదు.

మార్చి 10

కొత్త పంట పురుగులు బయటికొచ్చాయి. మా ఇంట్లో, కెంపమ్మత్త ఇంట్లో, పక్క వీధిలో రెండిళ్ళలో. రోజూ నాలుగిళ్ళు, నాలుగు కాఫీలు. రైలు పాఠం ఎన్ని వందలసార్లు చదివానో! నిద్రలో కూడా కాచుకుంటున్నాను.

మార్చి 14, శనివారం

మేడమ్ ఉత్తరం. కోలారు జిల్లా నుంచి మధ్యమ తరగతికి నలుగురమే ఉన్నామట. కాబట్టి మాటల పరీక్షకు ఆమే చిక్కబళ్ళాపురం వస్తారట. ఏప్రిల్ 5, ఆదివారం, పొద్దున పది గంటలు. ఇది తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే.

ఎగిరి గంతేశాను. తర్వాత వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. మార్చి పదిన పుట్టిన పురుగులు ఇరవై ఆరు, ఇరవై ఏడు రోజులకు పండుతాయి. ఏప్రిల్ 5.

మళ్ళీ లెక్కపెట్టాను. ఏప్రిల్ 5.

నాయన వెళ్ళమన్నాడు. అవ్వ, "గూడు కట్టే పొద్దుకి మంత్రం మనిషి పొలిమేర దాటేదా? నాలుగిండ్ల పంట! కూడదు," అంది.

"నియమం నువ్వే చేసినావు కదవ్వా!"

"నేను సేస్తే మాత్రం? సేసినాక నియమమే గదా."

నాయన అవ్వ ముఖం చూసి, నా ముఖం చూసి, దుప్పటి భుజాన వేసుకొని తోటకు పోయాడు.

రేపు అవ్వకు నిజం చెప్తాను.

మార్చి 15

అవ్వకు నడుం నొప్పి. ఇవాళ చెప్పడం బాగుండదు.

మార్చి 17

రెండో జ్వరం. పురుగుల గదిలో అలాంటి మాటలు మాట్లాడకూడదు.

మార్చి 18

చెప్పబోయాను. కెంపమ్మత్త ఒబ్బట్లు తెచ్చింది.

మార్చి 22

బయ్యప్ప మామ దగ్గర నుంచి కార్డు. బాగేపల్లిలో నా కాగితానికి చట్రం కట్టించి, అద్దం వేయించి, పురుగుల గదిలో తగిలించాడట. రోజూ పసుపూ కుంకుమా పెడుతున్నాడట. మిట్టేమరిలో ఒక పటం పూజలందుకుంటోంది. అందులో ఉన్న మాట: క్షమించండి, ఈ చోటు ఖాళీయేనా?



మార్చి 25

నిజం చెప్పడం అనే పనిలో నేను మొదటి రకం క్రియలోనే ఉన్నాను.

మార్చి 29, ఆదివారం

చెప్పేశాను.

నాలుగో జ్వరం నుంచి పురుగులు నిన్ననే లేవాలి. ఇవాళ పొద్దున కూడా మూడు తట్టల్లో లేవలేదు. రెండు రోజులుగా చలిగాలి వీస్తోంది, అందువల్లే. అవ్వ తట్ట ముందు గొంతుకూర్చొని, "ఇంగా గట్టిగా సెప్పవే," అంది. నేను "పోయిజ్ద్ అపాజ్దివాయెత్" అని మొదలుపెట్టి ఏడ్చేశాను.

"అవ్వా, ఇది మంత్రం కాదు. పాఠం. రష్యా దేశంలో మనుషులు మాట్లాడుకునే మాటలు."

అవ్వ తట్టలో ఒక పురుగును వేలితో కదిపి చూసింది. అది కదలలేదు.

"అయితే ఏందే దీని అర్థం?"

"స్టేషన్లో ఒకామె, ఈ చోటు ఖాళీయేనా అని అడుగుతుంది. ఒకాయన కూర్చోమంటాడు."

"ఊఁ."

"తర్వాత రైలు ఆలస్యం, కాచుకుంటాం అంటారు."

అవ్వ లేచి నిలబడింది. "ఏందీ? కాసుకోండి అని సెప్తాండావా? నా పురుగులకు?"

"అవ్వా, అది..."

"ఇరవై దినాలుగా ముప్పొద్దులా కాసుకోండి, కాసుకోండి అని సెప్తే, అవి ఎట్ల లేస్తాయే? సెప్పిన మాట ఇంటాండాయి పాపం! సున్నపు రోగం వొచ్చినా ఇంత అన్యాయం కాదే!"

మంత్రం కాదంటే కోప్పడుతుందనుకున్నాను. అవ్వకు ఆ పట్టింపే లేదు. "పూజారి సెప్పేదానికి మాత్రం నాకు అర్థం తెలుసునా? మాట ఏదైతేనేమి, సెప్పే సంగతి సరిగ్గా ఉండాల," అంది. "నడువు. నేను సెప్తా, నువ్వు దాన్ని ఆ మాటలో పెట్టు."

"నేను ఆదివారం చిక్కబళ్ళాపురం పోవాలవ్వా. పరీక్ష."

"ముందు వీట్ని లేపు. తరవాత సూద్దాం."

ఇంతకాలం నాయన ఈ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడా అనుకునేదాన్ని.

మార్చి 30

అవ్వ చెప్పిన సంగతి ఇది: తల్లులారా, బెదరొద్దండి. లేయండి. కడుపునిండా ఆకు తినండి. ఇల్లు గట్టిగా కట్టుకోండి, సందులు పెట్టొద్దండి.

చూడడానికి నాలుగు ముక్కలు. పొద్దున్నుంచి కూర్చున్నాను. మధ్యమ తరగతి పుస్తకంలో నాటకశాల ఉంది, గ్రంథాలయం ఉంది, మంచు మీద జారే ఆట ఉంది. మల్బరీ ఆకు లేదు. పురుగు లేదు. చంద్రిక అసలే లేదు. ఉన్న మాటలతోనే కట్టాలి. ఆకుకు 'పచ్చని రొట్టె' అని రాశాను: జిల్యోనియ్ ఖ్లేబ్. పురుగు గూడు కట్టుకోవడానికి చుట్టలు చుట్టలుగా వెదురు బద్ద అల్లిన చంద్రికను ఏమనాలి? చాలాసేపు ఆలోచించి 'గుండ్రని హోటలు' అన్నాను.

"తిను అనాలా, తినండి అనాలా అవ్వా?"

"పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలతో మాట్లాడినట్ల మాట్లాడు."

అయితే కూషయ్ కాదు, కూషయ్‌తె. చివర ఆ 'తె' తగిలిస్తే తినండి. భయపడకండి: ని బోయ్‌తెస్. ఇల్లు కట్టుకోండి: స్త్రోయ్‌తె దోమ్.

సాయంత్రం పురుగుల ముందు నిలబడి చెప్పాను. పుస్తకంలో లేని మాట రష్యన్లో చెప్పడం నాకు ఇదే మొదటిసారి.

మార్చి 31

ఎండ కాసింది. పురుగులన్నీ లేచాయి. అవ్వ నా వైపు చూసి, "సూస్తివా?" అంది. ఎండ సంగతి నేను ఎత్తలేదు.

నేను అబద్ధం... సరే. రాయను.

ఏప్రిల్ 2

అవ్వే దారి చూపించింది. మంత్రం ఇంకొకరికి ఉపదేశం చేస్తే, చేసినవాళ్ళు పొలిమేర దాటొచ్చట. "ఇదెప్పటి నుంచి?" అని నేను అడగలేదు.

ఉపదేశం పొద్దున స్నానాలయ్యాక. అవ్వ తూర్పు ముఖంగా కూర్చుంది. నేను చెవిలో చెప్పాలి.

"జిల్యోనియ్ ఖ్లేబ్."

"జిల్లోని కల్లేబు."

"ఖ్లేబ్, అవ్వా. ఖ్లే."

"కల్లే అనే అంటాండా కదే."

"స్త్రోయ్‌తె దోమ్."

"సిత్రోయితే దోమ. దోమ ఎందుకే?"

"దోమ కాదవ్వా. ఇల్లు."

"ఇల్లు అంటే దోమనా! పాపం, ఎట్ల బతుకుతారే ఆ జనాలు?"

మధ్యాహ్నానికి మొత్తం నోటికి వచ్చేసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నాకు ఒక్క పాఠానికి రెండు రోజులు పడుతుంది. తర్వాత ఊరికే ఉండక నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. చలికి ఏమంటారు? ఆకలికి? కెంపమ్మకు? కెంపమ్మకు కెంపమ్మ అనే అంటారని చెప్తే నమ్మలేదు. రెండు గంటలు రష్యన్లో జవాబులు చెప్పాను. ఇన్ని నెలల్లో నాతో రష్యన్ గురించి రెండు గంటలు మాట్లాడిన మొదటి మనిషి అవ్వ.

"కెంపమ్మకు మాత్రం పాఠమని సెప్పాకు," అంది చివర్లో. "ఆయమ్మ నోరు ఊరికే ఉండదు."

ఏప్రిల్ 5, ఆదివారం. చిక్కబళ్ళాపురం, తిరిగి ఇల్లు.

బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర. నాయన కొత్త పంచె కట్టుకొచ్చాడు. పరీక్ష ఒక స్కూల్లో. నా ముందు ముగ్గురు మగవాళ్ళు, ఒకాయన టై కట్టుకున్నాడు. ఒక్కొక్కరూ పదిహేను నిమిషాలకు బయటికొచ్చారు. నాయన కిటికీ కింద తువ్వాలు పరుచుకొని కూర్చున్నాడు.

మేడమ్ లావు కళ్ళద్దాలు, నూలు చీర. మొదట రైలు స్టేషను గురించి అడిగారు. అది నేను పురుగులకు వందలసార్లు చెప్పిన పాఠం. గడగడా చెప్పేశాను. ఆమె ముఖం ఏమీ మారలేదు. "ఇది పుస్తకం," అన్నారు రష్యన్లో. "పుస్తకం నాకు తెలుసు. మీ ఇంటి గురించి చెప్పండి. మీరు ఎంతమంది?"

పుస్తకంలో ఇంటి పాఠం ఉంది. అందులో ఒక పియానో, ఒక పిల్లి ఉన్నాయి. మా ఇంట్లో రెండూ లేవు.

"మేము నలుగురం," అన్నాను. ఆపెయ్యాల్సింది. కాని మా ఇంట్లో నలుగురమే అనడం పూర్తి నిజం కాదనిపించింది. మూడు నెలల తర్వాత అప్పుడే నాకు పూర్తి నిజం చెప్పాలనిపించాలా? "ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళను లెక్కపెట్టకూడదు."

"ఎందుకు?"

"లెక్కపెడితే తగ్గిపోతారు."

మేడమ్ కలం కింద పెట్టారు. "ఎవరు వాళ్ళు?"

పురుగు అనే మాట రాదు. "చిన్నవాళ్ళు," అన్నాను. "తెల్లనివాళ్ళు. కాళ్ళు చాలా ఉన్నాయి."

మేడమ్ కళ్ళద్దాలు తీశారు. "ఏం చేస్తారు?"

"పచ్చని రొట్టె తింటారు. రోజంతా తింటారు. నాలుగుసార్లు జ్వరం వస్తుంది. జ్వరం తర్వాత కొత్త చర్మం. ఇవాళ వాళ్ళు గుండ్రని హోటలుకు వెళతారు. అక్కడ ఒక్కొక్కరు ఒక్కొక్క ఇల్లు కట్టుకుంటారు. మా అవ్వ అక్కడే ఉంది. వాళ్ళతో రష్యన్లో మాట్లాడుతోంది."

ఆమె కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత ఆమె మెల్లగా కన్నడలో, "ఏనమ్మా, ఒళ్ళు బాగుందా నీకు?" అన్నారు.

పట్టుపురుగును కన్నడలో చెప్పొచ్చని అప్పుడు నాకు వెలిగింది. "రేష్మె, మేడమ్! రేష్మె హుళు!"

ఆమె నవ్విన నవ్వు! బల్ల మీద తల పెట్టి నవ్వారు. కిటికీలోంచి నాయన తల లేచి, ఏం ప్రమాదం జరిగిందో అని చూసింది. ఆమె కళ్ళు తుడుచుకొని, మళ్ళీ రష్యన్లోకి వచ్చి, "ఇంకా చెప్పు," అన్నారు. ఈసారి 'చెప్పండి' అనలేదు. 'తె' వదిలేశారు.

చెప్పాను. సున్నపు రోగం, కెంపమ్మత్త కాఫీ, మిట్టేమరి పటం, ఉపదేశం, అన్నీ. క్రియలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రష్యన్లో నడిచి వెళ్ళడానికి ఒక క్రియ, బండిలో వెళ్ళడానికి ఇంకొకటి; నడిచి వెళ్ళినవాళ్ళను బండిలో పంపించాను, ముగించని పనులు ముగించేశాను. ఆమె అక్కడక్కడా దిద్దారు. పదిహేను నిమిషాలు నలభై అయ్యాయి. టై ఆయన రెండుసార్లు తలుపులోంచి తొంగిచూశాడు.

వచ్చేటప్పుడు ఒక చీటీ మీద రెండు మాటలు రాసిచ్చారు. చెర్వ్యాక్: పురుగు. షెల్కవీత్స: మల్బరీ. "ఇవి మాత్రం వెంటనే నేర్చుకో," అన్నారు. "లేకపోతే మీ ఇంటి గురించి నువ్వు చెప్పేది విని ఎవరైనా పోలీసులను పిలుస్తారు."

బస్సులో నాయన అడిగాడు. "ఏమడిగిరమ్మా అంతసేపు?"

"మన ఇంటి సంగతి నాయనా."

"అంతేనా? అది నన్నడిగినా సెప్తాంటినే."

ఏప్రిల్ 6

నిన్న పండిన పురుగులన్నీ చంద్రికల మీదికి ఎక్కేశాయి. గూళ్ళు కడుతున్నాయి. అవ్వకు గొంతు పూర్తిగా పోయింది. నాలుగిళ్ళూ తిరిగి పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పిందట. మిరియాల కషాయం తాగుతూ సైగలతో మాట్లాడుతోంది.

మేడమ్ ఇచ్చిన చీటీ చూపించి, "పచ్చని రొట్టె కాదవ్వా, సరైన మాట షెల్కవీత్స," అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపింది. పురుగులకు అర్థమైపోయిన మాటను ఇప్పుడు మార్చకూడదట.

ఏప్రిల్ 11

నాలుగిళ్ళలోనూ గూళ్ళు బాగున్నాయి. కెంపమ్మత్త గోడ మీద నుంచి (మళ్ళీ గోడ మీద నుంచే) అంది: "ఏమనుకోవాకమ్మా చౌడీ. నీది పలకరిచ్చినట్ల ఉంటాది. అవ్వది గట్టిగా సెప్పినట్ల ఉంటాది. వచ్చే పంటకు అవ్వనే పంపీ."

నాకేం బాధ లేదు.

ఏప్రిల్ 12

కొంచెం ఉంది. ఖ్లేబ్ అనడం కూడా రాని మనిషి.

మే 9, శనివారం

గంగప్ప కార్డు తెచ్చాడు. "అద్దం రాత కాదమ్మా ఈ తూరి, ఇంగ్లీషు," అన్నాడు.

పాసయ్యాను. నూటికి అరవై ఒకటి. మొదటి తరగతి కంటే తక్కువ. పోస్టులో పంపిన రాత పరీక్షలో తప్పులు ఎక్కువ అని రాశారు. మాటల పరీక్షకు మాత్రం పక్కన మార్కు కాకుండా మేడమ్ చేతిరాతతో ఒక వాక్యం: 'ఈ అభ్యర్థికి చెప్పడానికి సంగతి ఉంది.' హాస్టల్లో చోటు జులై ఒకటి నుంచి.

నాయన కార్డు అవ్వ చేతికిచ్చాడు. అవ్వ దాన్ని తిరగేసి పట్టుకొని చాలాసేపు చూసింది. ఒక ఏడాది, పొలిమేర అవతల.

"పాప పోతే పురుగులకు ఎట్లమ్మా?" అన్నాడు నాయన. అది నిజంగా అడిగాడో, అవ్వ కోసం అడిగాడో తెలియదు.

అవ్వకు కోపం వచ్చింది. "ఎట్ల అంటే? నేను సచ్చిపోతినా? ఈ పాప లేకపోతే పంట నిలిచిపోతాదా? పోనీ దాన్ని!"

ఇంత కోపంగా చెప్పిన 'సరే'ను నేనెప్పుడూ వినలేదు.

జూన్ 28, ఆదివారం

ఎల్లుండి ప్రయాణం. పెట్టెలో మూడు చీరలు, నిఘంటువు, దారిలో తినడానికి అమ్మ చేసిన నిప్పట్లు.

కొత్త పంట పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. వెళ్ళేలోగా ఒకసారి వాటితో మాట్లాడదామని స్నానం చేసి, చెప్పులు బయట విడిచి గదిలోకి వెళ్ళాను. అవ్వ తట్టల మధ్య పీట వేసుకొని కూర్చుని ఉంది. నేను నిలబడి, గొంతు సవరించుకొని, ఎంతో జాగ్రత్తగా, ఒక్క అక్షరం కూడా పోకుండా, "దరగీయె, కూషయ్‌తె," (తల్లులారా, తినండి) అని మొదలుపెట్టాను.

అవ్వ గబుక్కున చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు మాట్లాడాకు. నీది టౌను మాట. పిల్లలు బెదురుకుంటాయి."

తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను.